పన్నెండో మోటరు

సూర్యాపేట పక్కన హైవే మీద ఉన్న ఒక ఇంజనీరింగ్ కాలేజీలో సుమలత తొమ్మిదేళ్లు ఒకే పాఠం చెప్పింది. మైక్రోకంట్రోలర్ అనే చిన్న చిప్పులో టైమర్ ఎలా నడుస్తుంది, కౌంటర్ ఎలా లెక్కపెడుతుంది, ఆ రెంటినీ ఆడించే ప్రత్యేక రిజిస్టర్లలో ఏ గడిలో సున్నా పెట్టాలి, ఏ గడిలో ఒకటి పెట్టాలి అన్నదే ఆ పాఠం. పిల్లలు ఆమెను టైమర్ మేడం అనేవారు. భోజనాలయ్యాక మొదటి పీరియడ్ ఆమెదే కాబట్టి సగంమంది ఆ మాట కూడా నిద్రలోనే అనేవారు. ఏటికేడు చేరేవాళ్లు తగ్గిపోయి చివరికి క్లాసులో నలుగురు మిగిలారు, ఆ నలుగురిలో ఇద్దరు రారు. కాలేజీ మూతపడింది. ల్యాబు సామానంతా తుక్కు కింద బండెక్కుతుంటే సుమలతకు ప్రాణం ఒప్పక, నలభై పాత చిప్పులను అట్టపెట్టెలో వేసుకుని అత్తగారి ఊరికి వచ్చేసింది. మునగాల దాటి లోపలికి నాలుగు కిలోమీటర్లు.

అత్త లింగమ్మకు రెండెకరాల వరి, ఒక బోరు, దాని మీద ఐదు హార్స్‌పవర్ మోటరు, ఆ మోటరును మించిన గొంతు ఉన్నాయి. కొడుకు సంపత్ మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లులో మిషన్ ఆపరేటరు. వారానికోసారి ఇంటికి వస్తాడు. అత్తాకోడళ్ల మాటల మధ్య వేలు పెట్టకుండా వడ్డించింది తిని వెళ్లిపోయేంత తెలివి అతనికి పెళ్లైన మూడో నెలలోనే వచ్చింది.

"మా కోడలు తొమ్మిదేండ్లు సున్నా ఒకటి, సున్నా ఒకటి అని చెప్పిందట. రెండు నేర్పకముందే కాలేజీ మూసిన్రు," అని లింగమ్మ వచ్చిన ప్రతివాళ్లకూ చెప్పేది.

ఆ లెక్కలో అసలు రెండే ఉండదని వివరించబోయి సుమలత చాలాసార్లు ఆగిపోయింది. అత్తకు వివరించి గెలిచిన కోడలు ఆ మండలంలో ఇంకా పుట్టలేదు. కానీ ఆ మాట ఆమెకు గుచ్చుకునేది. తొమ్మిదేళ్ల చదువు, చెప్పిన చదువు, ఇంట్లో అట్టపెట్టెలో మూలన పడి ఉందని ఆమెకు నిజంగానే బాధ.

ఊరికి తూర్పున పొలాల మధ్య ఒక ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. దాని కింద పన్నెండు బోరు మోటార్లు. పన్నెండింటికీ ఆటో స్టార్టర్లు బిగించుకున్నారు. అంటే కరెంటు రాగానే రైతు పొలం దాకా పోయి మీట నొక్కే పని లేకుండా మోటరు దానంతటదే లేస్తుంది. సౌకర్యమే. కాకపోతే కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ పన్నెండూ ఒకే క్షణంలో లేస్తాయి. మోటరు నడిచేటప్పుడు తాగే కరెంటు కంటే లేచేటప్పుడు తాగేది ఐదారు రెట్లు. పెళ్లి భోజనాల దగ్గర ఊరంతా ఒకేసారి ఒక్క గరిట మీద పడితే వడ్డించేవాడి గతి ఏమిటో ఆ ట్రాన్స్‌ఫార్మర్ గతి అదే.

జనవరిలో నాట్లప్పుడు అది ఒకసారి కాలిపోయింది. ట్రాక్టరు ట్రాలీలో వేసుకుని కోదాడ తీసుకుపోయి, బాగుచేయించి తెచ్చేసరికి తొమ్మిది రోజులు పట్టింది. అప్పుడు ఎలాగో గడిచింది. ఇప్పుడు మార్చి. యాసంగి వరి పొట్ట మీద ఉంది. ఈ సమయంలో తొమ్మిది రోజులు తడి లేకపోతే గింజ పాలు పోసుకోదు, కోసేదంతా తాలే. పన్నెండు ఇళ్ల ఏడాది తిండి ఆ ఒక్క ఇనప డబ్బా మీద ఉంది. ఆటో స్టార్టర్లు పీకేయండని లైన్ చూసే మనిషి చెప్పి వెళ్లాడు. అందరూ తలూపారు. పక్కవాడు తీశాక తీద్దామని ఎవరికి వారు ఇంటికి పోయారు.

ఆ వారమే ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మళ్లీ బుసబుసమని చప్పుడు మొదలైంది. పన్నెండుమందీ దాని కింద చేరారు. తనను తాను ఊరి పెద్దమనిషిగా నియమించుకున్న మంగయ్య, పక్క ఊరి బడిలో లెక్కలు చెబుతూ మూడెకరాలు చేసుకునే జయరాజు సారు, తండా నుంచి వచ్చి ఎకరంన్నర చేసుకునే చాందీ, ఇంకా మిగతావాళ్లు. అరగంట ఒకరినొకరు తిట్టుకున్నాక లింగమ్మ చెయ్యెత్తింది.

"ఎందుకు పరేషాన్ అయితరు? మా కోడలు గిదే సదువు సదివింది. టైము వెట్టే డబ్బా చేస్తది. ఒకని ఎనుక ఒకని మోటరు లేస్తది. ఎల్లుండికి ఇస్తది."

అప్పుడు ఇంట్లో బట్టలారేస్తున్న సుమలతకు ఈ సంగతి గంట తర్వాత తెలిసింది.

"ఎల్లుండికా అత్తమ్మా? పన్నెండు డబ్బాలా?"

"ఏ, తొమ్మిదేండ్లు చెప్పినవ్ గద. ఇంకా రాలేదా నీకు?"

పన్నెండు పెట్టెలకు పదకొండు రోజులు పట్టింది. అన్ని రోజులూ కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ఊరు ఊపిరి బిగబట్టింది. అట్టపెట్టె మూలనుంచి బయటికొచ్చింది. వసారాలో పీట వేసుకుని సుమలత టంకం పెడుతుంటే లింగమ్మ ఎదురుగా కూర్చుని చింతకాయ తొక్కుకు ఈనెలు తీస్తూ పర్యవేక్షించేది.

"గా నల్ల పురుగు ఏం చేస్తది?" అని ఒకరోజు అడిగింది.

సుమలత ముఖం వెలిగింది. ఎవరైనా పాఠం అడగడం ఆమె జీవితంలో అరుదు. "దాంట్ల రిజిస్టర్ అని ఉంటది అత్తమ్మా. బిందె అనుకో. ఒక్కో చుక్క పడుతుంటది. అరవై ఐదువేల చిల్లర చుక్కలకు నిండుతది. ఇంకొక్క చుక్క పడ్డదనుకో, పొర్లి మొత్తం సున్నా అయితది. పొర్లంగనే పక్కన ఒక జెండా లేస్తది. జెండా లేసిందంటే ఇంత టైమయిందని లెక్క."

"ఎంతసేపట్ల నిండుతది?"

"సెకన్ల పదిహేనో వంతుల."

"గంత జల్ది నిండే బిందె ఏం పనికొస్తది?"

"అందుకే రెండువందల సార్లు నింపుతం. ముందుగాల బిందెల కొన్ని నీళ్లు పోసిపెడుతం, లెక్క సరిగ్గ వచ్చేటట్టు. రెండువందల సార్లు పొర్లితే పది సెకన్లు. పది సెకన్లకు ఒక మోటరు లేస్తది."

లింగమ్మ ఈనె పారేసి కాసేపు ఆలోచించింది. "ఒకటి నుంచి పది దాక లెక్కవెడితే అయిపోవు గద."

తొమ్మిదేళ్లలో ఇంత సూటి ప్రశ్న సుమలతను ఎవరూ అడగలేదు. ఆమె తల వంచుకుని టంకం పెట్టుకుంది.

ఆ పెట్టెల్లో సుమలత ఒక తప్పు చేసింది. రేపెప్పుడైనా వరస మార్చుకోవలసి వస్తే మళ్లీ చిప్పులన్నీ విప్పడమెందుకని, ప్రతి పెట్టెలోనూ సున్నా నుంచి పదకొండు దాకా అంకెలున్న ఒక చిన్న నాబ్ పెట్టింది. సున్నా మీద పెడితే కరెంటు రాగానే మోటరు లేస్తుంది, పదకొండు మీద పెడితే నూటపది సెకన్లకు లేస్తుంది. మూతకు రెండు స్క్రూలు బిగించింది. "గీ నాబు ఎందుకు?" అని లింగమ్మ అడగనే అడిగింది. అడిగినవాళ్లకు చెప్పకుండా ఉండలేని జబ్బు సుమలతది. తిప్పి మరీ చూపించింది.

వరసకు చిట్టీలు వేశారు. చాందీకి మొదటిది వచ్చింది. లింగమ్మకు ఎనిమిదోది. మంగయ్యకు పన్నెండోది.

"నా మోటరు అందరి ఎనుక లేస్తే ఊర్లె నా ఇజ్జత్ ఏంగావాలె?" అని మంగయ్య ఎర్రబడ్డాడు.

"చిట్టీలు నువ్వే తీసినవ్ గద అన్నా," అంది చాందీ.

నూటపది సెకన్లు. మంగయ్య బీడీ ముట్టించుకోవడానికే అంతకంటే ఎక్కువసేపు పడుతుంది. పంటకు ఆ ఆలస్యం చీమ కుట్టినంత కూడా కాదు. కానీ బాధ పంటది కాదు. కరెంటు రాగానే అందరి మోటార్లూ ఒక్కొక్కటే రయ్యిమంటుంటే, తనది మాత్రం మూగగా కూర్చోవడం, అది పొలాలన్నీ వినడం, ఆ బాధ.

నాలుగు రోజులు పెట్టెలు ముచ్చటగా పనిచేశాయి. కరెంటు వచ్చినప్పుడల్లా మోటార్లు వరసగా లేస్తుంటే సుమలత ఇంట్లో పని ఆపి చెవి పెట్టి వినేది. ఐదోరోజు పొద్దున తొమ్మిదింటికి కరెంటు వచ్చింది. ఢామ్మని ఒక చప్పుడు. పైన ఫ్యూజులు మూడూ పోయాయి. ట్రాన్స్‌ఫార్మర్ ఎలాగో బతికింది కానీ ముట్టుకుంటే చెయ్యి కాలేంత వేడి. ఇంకొక్కసారి ఇలా అయితే ఇక ట్రాలీ కట్టుకోవడమే అని లైన్ మనిషి చెప్పాడు.

పదిమంది సుమలత వాకిట్లో చేరారు. "పుస్తకాల సదువు పొలం కాడ ఏడ పనికొస్తది?" అన్నాడు మంగయ్య. జయరాజు సారు మాత్రం పెద్దమనిషి తరహాలో, "యంత్రం కదమ్మా, పొరపాటు జరుగుతుంది," అన్నాడు. లింగమ్మ ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోవడం సుమలతకు అనుమానం తెప్పించింది.

టెస్టరు చేతపట్టుకుని పొలాలకు బయల్దేరింది. వెనకాల ఊరేగింపు. మొదట మంగయ్య పెట్టె విప్పింది. పదకొండు మీద ఉండవలసిన నాబ్ సున్నా మీద ఉంది.

"మామా, ఇదేంది?"

"ఎలుక తిప్పి ఉంటది కోడలా."

"మూతకు స్క్రూ బిగించి ఉన్నది మామా. ఎలుక కాడ టెస్టర్ ఉన్నదా?"

అందరూ నవ్వారు. ఆ నవ్వు ఎంతోసేపు లేదు. పక్క పెట్టె విప్పితే సున్నా. దాని పక్కదీ సున్నా. ఊరేగింపు పలచబడసాగింది, ఒకరికి చేలో గొడ్లు పడ్డాయని గుర్తొచ్చింది, ఒకరికి ఇంట్లో పాలు పొంగుతున్నాయని. జయరాజు సారు పెట్టె విప్పితే అదీ సున్నాయే. ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చునే ఆయన మెడ దించుకుని, "నేనొక్కణ్ణే అనుకున్నానమ్మా," అన్నాడు. ఆ మాట అక్కడున్న అందరిదీ. ప్రతి ఒక్కరూ తామొక్కరే తిప్పామనుకున్నారు. పదకొండుమంది దొంగలు, పదకొండుమందీ ఒంటరి దొంగలు. చాందీ పెట్టె ఒక్కటే న్యాయంగా సున్నా మీద ఉంది, అది మొదటి నంబరు కాబట్టి.

ఆఖరుకు లింగమ్మ పెట్టె దగ్గరికి వచ్చారు. విప్పకముందే లింగమ్మ, "ఎండ ముదిరింది, ఇంటికి పోదాం పా," అంది. విప్పితే సున్నా. సంగతి అక్కడ తేలింది. మొదటిరోజే తిప్పింది లింగమ్మ. ఆమె నోట్లో నువ్వుగింజ నానదు. తాను తిప్పిన సంగతి దాచి, నాబ్ ఎలా తిప్పాలో మాత్రం ఇంకెవరికీ చెప్పకని ఒట్టు వేయించుకుని మంగయ్య పెళ్లానికి చెప్పింది. ఆమె అదే ఒట్టుతో ఇంకొకరికి. నాలుగో రాత్రికల్లా పదిళ్లూ అయిపోయాయి.

సుమలతకు ఒళ్లు మండింది. ఇంటికొచ్చి అన్నం తినకుండా కూర్చుంది. లింగమ్మ కంచంలో రెండోసారి కూర వేసి ముందుకు జరిపింది. ఆ ఇంట్లో క్షమాపణ అంటే అంతే.

సాయంత్రం జయరాజు సారు వచ్చాడు. "అమ్మా, కాలువ నీళ్లకు మనవాళ్లు ఎట్లా కొట్టుకోకుండా ఉంటున్నారు? వంతు పెట్టుకున్నారు గనక. ఇవాళ ముందున్నవాడు రేపు వెనక. మోటార్లకూ వంతు పెట్టండి. ఎప్పుడూ ఆఖరంటే ఎవడూ ఒప్పడు. పన్నెండు సార్లకొకసారి ఆఖరంటే ఒప్పుతారు."

సుమలతకు ఆ మాట బాగా నచ్చింది. టైమర్ తన లోపలి గడియారాన్ని లెక్కపెడుతుంది. అదే కౌంటర్‌గా మారిస్తే బయట జరిగేదాన్ని లెక్కపెడుతుంది. కరెంటు ఎన్నిసార్లు పోయి వచ్చిందో ప్రతి పెట్టే లెక్కపెట్టుకుంటుంది. ఒక్కసారి పోయి వస్తే ప్రతివాళ్లూ ఒక మెట్టు పైకి, మొదటివాడు అడుక్కి. ఎవరూ తిప్పడానికి నాబ్ ఉండదు. సొంత మోటరు ఆపుకుని లెక్క జరుపుకునే తెలివి ఎవరికైనా వస్తుందేమోనని పెట్టెను స్విచ్చికి ముందే కలిపింది. వసారాలో ఫోను చార్జరుకు తగిలించి, కరెంటు పోయి వచ్చినట్టుగా ఒక గుండీ నొక్కుతూ పన్నెండు పెట్టెలూ పరీక్షించింది. అన్నీ చక్కగా తిరిగాయి. మళ్లీ చిట్టీలు వేసి తొలి వరస ఖాయం చేశారు. చాందీకి మళ్లీ మొదటిదే, మంగయ్యకు మళ్లీ పన్నెండే వచ్చింది. "ఒక్కసారే గద," అని ఊరంతా ఓదార్చింది.

వారం తిరగకముందే మంగయ్య వాకిట్లోకి వచ్చి జేబులోంచి అగ్గిపుల్లలు తీసి గట్టు మీద ఒక్కొక్కటే పేర్చాడు. ఏడు.

"కరెంటు పోయినప్పుడల్లా ఒక పుల్ల జేబుల ఏసిన కోడలా. ఏడుసార్లు పోయింది. ఏడుసార్లూ నాదే ఆఖరు. చాందీది ఏడుసార్లూ మొదలు. వంతు తిరుగుతదన్నవ్. ఏడ తిరిగింది?"

సుమలత నమ్మలేదు. మంగయ్య మోటరు దగ్గరికి పోయి పెట్టె విప్పింది. తీగలన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఐదు నిమిషాలు దాన్నే చూస్తూ నిలబడి, ఉన్నట్టుండి ఒడ్డు మీద కూలబడింది. వసారాలో పరీక్షించినప్పుడు చిప్పుకు చార్జరునుంచి కరెంటు అందుతూనే ఉంది. ఇక్కడ లైన్‌లో కరెంటు పోతే చిప్పుకూ పోతుంది. చిప్పుకు కరెంటు పోతే రిజిస్టర్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది. కరెంటు ఎన్నిసార్లు పోయిందో గుర్తుపెట్టుకోమని తాను పనిచెప్పిన రిజిస్టర్, కరెంటు పోగానే అన్నీ మరిచిపోతోంది. ప్రతిసారీ ఇదే మొదటిసారి అనుకుని నిద్రలేస్తోంది.

ఇది ఆమె ప్రతి సంవత్సరం పరీక్షలో ఇచ్చిన ప్రశ్న. రెండు మార్కులు. తప్పు రాసినవాళ్లకు ఎర్రసిరాతో సున్నా పెట్టిన చెయ్యి ఆమెదే. సిగ్గూ నవ్వూ రెండూ ఒకేసారి వచ్చి సుమలత ఒడ్డు మీద కూర్చుని పగలబడి నవ్వింది. కోడలికి ఎండదెబ్బ తగిలిందని మంగయ్య పరుగున పోయి నీళ్లు తెచ్చాడు.

మందు ఉంది. ఎనిమిది కాళ్ల చిన్న మెమరీ చిప్పు ఒకటి ఉంటుంది, కరెంటు లేకున్నా రాసింది చెరగదు. పెట్టెకొకటి చొప్పున పన్నెండు కావాలి. కోదాడలో అడిగితే అలాంటివి మేం పెట్టమన్నారు. సూర్యాపేటలో ఒక టీవీ రిపేరు షాపులో నాలుగు దొరికాయి. మిర్యాలగూడలో మిల్లుల ప్యానెల్ బోర్డులు బాగుచేసేచోట సంపత్ ఏడు సంపాదించాడు. మొత్తం పదకొండు. పన్నెండోది హైదరాబాద్ నుంచి రావాలి, నాలుగు రోజులు పడుతుంది. నాలుగు రోజులు ఆగే వీలులేదు. గురువారం లైన్ మీద పనుందని, పొద్దంతా కరెంటు పోతూ వస్తూ ఉంటుందని కబురొచ్చింది. ఫ్యూజులు పోయిననాటినుంచి ట్రాన్స్‌ఫార్మర్ వేడి తగ్గలేదు. పెట్టెలు తీసేసి పాత పద్ధతిలో వదిలితే గురువారం మధ్యాహ్నానికే ట్రాలీ ఎక్కుతుంది. పెట్టెలు ఉన్నవి ఉన్నట్టే ఉంచితే, వంతు తిరగదని తెలిసినవాళ్లు మళ్లీ ఎవరి పెట్టె వాళ్లు పీకి పక్కన పెడతారు. అప్పటికే ఇద్దరు పీకారు.

బుధవారం పొద్దున ట్రాన్స్‌ఫార్మర్ కింద మళ్లీ చేరారు. సుమలత సంగతి చెప్పింది. "పదకొండు మోటార్లకు వంతు తిరుగుతది. ఒకదానికి గుర్తుండదు. దాన్ని అందరి ఎనుక, నూటపది సెకన్లకు కట్టేస్తా. గదెప్పుడూ ఆఖరే. ఎవరిది పెట్టాలె?"

జయరాజు సారు చెప్పులు చూసుకున్నాడు. మంగయ్య, "చాందీది ఇన్ని రోజులు మొదలు లేసింది గద," అని గొణిగాడు.

"లేస్తే? నేను అడిగిన్నా? నాకు చిట్టీల వచ్చింది," అని చాందీ కొంగు బిగించింది. మళ్లీ అరుపులు మొదలయ్యాయి.

సుమలతకు ఇక ఓపిక నశించింది. "కాలనియ్యిండ్రి," అంది గట్టిగా. ఆ గొంతు ఆమె దగ్గర ఉందని ఎవరికీ తెలియదు, ఆమెకూ తెలియదు. "రేపు కాలితే నా డబ్బాలతోని కాలదు. నిమిషం యాభై సెకన్ల కోసం కాలుతది. ఎవరికి పొలం కావాలో, ఎవరికి ఇజ్జత్ కావాలో ఇప్పుడే చెప్పుండ్రి. నేను ఇంటికి పోయి బియ్యం ఏరుకుంటా."

అరుపులు ఆగాయి. తీగ మీద కాకిని అంతసేపూ శ్రద్ధగా చూస్తున్న లింగమ్మ కిందికి చూసింది.

"మొదలు మీట తిప్పింది నేనే," అంది. "నాదే ఆఖరు కట్టు."

"అత్తమ్మా, కోపంల అన్న. నువ్వు ఒప్పుకోవాలని కాదు."

"కట్టమన్నగద. గింత సదువుకున్నవ్, ఒక్కపాలి చెబితే ఇనబడదా?"

లింగమ్మ తన తప్పు తాను ఒప్పుకోవడం ఊరు అంతకుముందు చూడలేదు. పీకిన ఇద్దరూ ఇంటికి పోయి పెట్టెలు తెచ్చి సుమలత చేతిలో పెట్టారు.

గురువారం పొద్దున పదింటికి కరెంటు పోయింది. పన్నెండుమందీ గట్ల మీద నిలబడ్డారు. సుమలత ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర నిలబడింది. ఇంకో తప్పేదో చేసే ఉంటానని ఆమెకు గట్టి నమ్మకం. పావుగంటకు కరెంటు వచ్చింది. చాందీ మోటరు లేచింది. ఒకటి, అన్నాడు జయరాజు సారు గడియారం చూస్తూ. పది సెకన్లకు ఇంకోటి. రెండు, అన్నారు నలుగురు. మూడు అనేసరికి అందరూ అందుకున్నారు. పదకొండో మోటరు లేచాక పొలమంతా లింగమ్మ వైపు చూసింది. ఆమె స్టార్టరు పక్కనే నిలబడి ఉంది. చేత్తో నొక్కే పచ్చ మీట జానెడు దూరంలో ఉంది. చెయ్యి మాట వినదేమోనని రెండు చేతులూ చంకల్లో బిగించుకుంది. పది సెకన్లు. ఆమె బతుకులో అంత పొడుగు పది సెకన్లు లేవు. మోటరు రయ్యిమంది. పన్నెండు, అని గట్లన్నీ అరిచాయి.

ఆ రోజు కరెంటు ఆరుసార్లు పోయి వచ్చింది. రెండోసారి చాందీది పదకొండోదైంది, మిగతావాళ్లు ఒక్కో మెట్టు ఎక్కారు. మూడోసారికి వంతు నిజంగానే తిరుగుతోందని మంగయ్య నమ్మి జేబులో అగ్గిపుల్లలు పారేశాడు. సాయంత్రానికి ట్రాన్స్‌ఫార్మర్ మీద చెయ్యి పెట్టి చూస్తే గోరువెచ్చగా ఉంది. సుమలతకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. తొమ్మిదేళ్లలో పన్నెండుమంది ఒకే పాఠాన్ని అలా కళ్లు తెరుచుకుని వినడం ఆమె చూడలేదు.

సోమవారం హైదరాబాద్ నుంచి పన్నెండో చిప్పు వచ్చింది. సుమలత సంతోషంగా టెస్టరు పట్టుకుని పొలానికి పోతే లింగమ్మ స్టార్టరుకు అడ్డం నిలబడింది.

"వద్దు. నాది గట్లనే ఉండనియ్యి."

"ఎందుకత్తమ్మా? నీకూ వంతు వస్తది. పన్నెండు సార్లకు ఒక్కసారి మొదలు లేస్తది."

"మొదలు లేసినోనికి ఏం తెలుస్తది పిల్లా? వాని మోటరు నడిసిందని తెలుస్తది. నాది లేసిందంటే పన్నెండు పొలాలు తడుస్తున్నయని తెలుస్తది."

అది నిజమే. కరెంటు వచ్చినప్పుడల్లా లింగమ్మ మోటరు లేచేదాకా ఊళ్లో ఎవరూ కుదురుగా కూర్చోవడం లేదు. అది రయ్యిమన్నాక, "ఇగ భయం లేదు, లింగమ్మది లేసింది," అనుకుని ఎవరి పనికి వాళ్లు పోతున్నారు. దారిన పోయేవాళ్లు కూడా ఆగి అడుగుతున్నారు. నూటపది సెకన్ల వెనక ఉన్న ఆ మోటరుకు ఊళ్లో ఏ మోటరుకూ లేని పేరొచ్చింది.

మూడో రోజు పొద్దున మంగయ్య వచ్చాడు. వాకిట్లో అటూ ఇటూ చూసి, లింగమ్మ లేదని రూఢి చేసుకుని గొంతు తగ్గించాడు.

"కోడలా, గా ఆఖరి నంబరు ఒక్క పదిహేను రోజులు నాకియ్యరాదు? మా ఇంటిదానికి గూడ చెప్పలే."

"ఇయ్యకు!" అని వంటింట్లోంచి కేక వచ్చింది.